ఎక్స్‌-రే గదిలో కొలువు.. చేరేముందే తెలుసుకోవాలి
గుర్తింపు లేని కోర్సులతో కాలం, సొమ్ము వృథా

అడవులదీవి (నిజాంపట్నం): తాటిచెట్టుపై నుంచి జారిపడిన గీత కార్మికుడైనా, ద్విచక్ర వాహనం అదుపుతప్పి గాయపడిన యువకుడైనా, వారాల తరబడి దగ్గు తగ్గని వృద్ధుడైనా ఆసుపత్రికి చేరగానే వైద్యుడు అడిగేది ఎక్స్‌-రే లేదా స్కాన్‌. తీరగ్రామాల వారు ఇందుకోసం రేపల్లె, తెనాలి, గుంటూరు వరకు వెళ్తుంటారు. అక్కడ యంత్రం వద్ద ఉండి ఆ చిత్రాలు తీసేవారు రేడియోగ్రాఫర్లు. ఇంటర్మీడియట్‌ పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులకు ఇది గౌరవప్రదమైన ఉపాధి మార్గం. అయితే ఏ కోర్సు, దానికి ఎవరి గుర్తింపు ఉందన్నది విచారించకుండా రుసుము చెల్లిస్తే రెండేళ్ల కాలం, తల్లిదండ్రుల కష్టార్జితం రెండూ నష్టపోవాల్సి వస్తుంది.

మీట నొక్కడమే పని కాదు

రోగి పేరు, పరీక్షించాల్సిన భాగం, అది కుడివైపా ఎడమవైపా అన్నది సరిచూసుకోవడంతో రేడియోగ్రాఫర్‌ పని మొదలవుతుంది. విరిగిన చేతిని నొప్పి పెరగకుండా సరైన కోణంలో ఉంచాలి. రోగి శరీర పరిమాణాన్ని బట్టి కిరణాల తీవ్రతను, సమయాన్ని నిర్ణయించాలి. ఛాతీ పరీక్షలో నిండుగా ఊపిరి పీల్చి బిగపట్టమని చెప్పాలి. ఆ ఒక్క మాట రోగికి అర్థం కాకపోతే చిత్రం మసకబారుతుంది. మళ్లీ తీయాల్సి వస్తే రోగిపై రెండోసారి కిరణాలు పడతాయి. చిత్రాన్ని పరిశీలించి నివేదిక రాసే బాధ్యత రేడియాలజిస్టుదే. రోగి బంధువులు ఎంత అడిగినా జబ్బు గురించి చెప్పే అధికారం టెక్నీషియన్‌కు లేదు.

ఫిల్ము నుంచి కంప్యూటర్‌కు

జర్మన్‌ శాస్త్రవేత్త రాంట్‌జెన్‌ 1895 నవంబరు 8న ఎక్స్‌-కిరణాలను కనుగొన్నారు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్‌ బహుమతి ఆయనకే దక్కింది. సీటీ స్కాన్‌ రూపకర్తలు కార్మాక్‌, హౌన్స్‌ఫీల్డ్‌లకు 1979లో, ఎంఆర్‌ఐకి బాటలు వేసిన లాటర్‌బర్‌, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్‌ లభించింది. తెలుగువారిలో ఈ రంగానికి పేరు తెచ్చిన వైద్యుడు కాకర్ల సుబ్బారావు. కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఉన్న కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో జన్మించారు. అమెరికాలో రేడియాలజిస్టుగా పనిచేసి, స్వరాష్ట్రానికి తిరిగివచ్చి హైదరాబాద్‌ నిమ్స్‌ డైరెక్టరుగా సేవలందించారు. 2021లో కన్నుమూశారు.

ఒకప్పుడు చీకటిగదిలో ఫిల్ము కడగడం ఈ వృత్తిలో ప్రధానాంశం. ఇప్పుడు చిత్రం నేరుగా కంప్యూటర్‌ తెరపైకి వస్తోంది. కాబట్టి డిజిటల్‌ యంత్రాలపై సాధన లేని శిక్షణ నేటి అవసరాలకు చాలదు.

ఏం చదవాలి?

ఇంటర్మీడియట్‌ తర్వాత ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్‌ పారామెడికల్‌ బోర్డు పరిధిలోని రెండేళ్ల మెడికల్‌ ఇమేజింగ్‌ టెక్నాలజీ డిప్లొమా. రెండోది విజయవాడలోని డాక్టర్‌ ఎన్టీఆర్‌ ఆరోగ్య విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల్లో ఇమేజింగ్‌ టెక్నాలజీ బీఎస్సీ. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి ఈ కోర్సులు అనువుగా ఉంటాయి. రైల్వే వంటి సంస్థలు రేడియోగ్రాఫర్‌ కొలువులకు ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలని నిబంధన విధిస్తున్నందున ఆర్ట్స్‌ గ్రూపుల వారు ఈ విషయాన్ని ముందే గమనించాలి. క్యాన్సర్‌ రోగులకు కిరణ చికిత్స అందించే రేడియోథెరపీ టెక్నీషియన్‌ కోర్సు దీనికి భిన్నమైనది.

పార్లమెంటు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్‌ చట్టాన్ని ఆమోదించింది. రేడియాలజీ, ఇమేజింగ్‌ వృత్తులు దీని పరిధిలోకి వచ్చాయి. ఈ చట్టం ప్రకారం అనుబంధ వృత్తినిపుణుల శిక్షణ 2 వేల గంటలకు, ఆరోగ్య సంరక్షణ వృత్తినిపుణుల డిగ్రీ శిక్షణ 3,600 గంటలకు తగ్గరాదు. మూడు నెలల్లో, ఆరు నెలల్లో టెక్నీషియన్‌ను చేస్తామనే ప్రకటనలను ఈ లెక్కతో పోల్చి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

కనిపించని కిరణాలతో జాగ్రత్త

ఎక్స్‌-కిరణాలకు రంగు, వాసన ఉండవు. తగిలిన క్షణంలో నొప్పీ తెలియదు. అందుకే రక్షణ సూత్రాలు శిక్షణలో కీలకం. దేశంలో ఈ వ్యవహారాలను 1983లో ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తోంది. కిరణాల మధ్య పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదన్నది పరిమితి. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. ఒక ఛాతీ ఎక్స్‌-రేలో అందేది సుమారు 0.1 లోపే. సీటీ స్కాన్‌లో అది ఎన్నో రెట్లు ఎక్కువ.

సమయం తగ్గించడం, దూరం పాటించడం, అడ్డు ఉంచుకోవడం.. ఇవే మూడు సూత్రాలు. కిరణాలు వెలువడే చోటు నుంచి దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. సీసపు ఏప్రాన్‌ ధరించాలి. ఛాతీపై టీఎల్‌డీ బ్యాడ్జి ఉండాలి. దీనిని నిర్ణీత కాలానికి ప్రయోగశాలకు పంపితే ఉద్యోగికి అందిన మోతాదు తేలుతుంది. 18 ఏళ్లు నిండనివారిని ఈ పనిలో పెట్టరాదు. మహిళా సిబ్బంది గర్భం దాల్చిన వెంటనే యాజమాన్యానికి తెలియజేస్తే గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్టు దాటకుండా విధులు మార్చాల్సి ఉంటుంది.

ఎంఆర్‌ఐలో ఎక్స్‌-కిరణాలు ఉండవు. అయితే అందులోని అయస్కాంతం రోగి లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్‌ సిలిండరుతో ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లిన యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ గది తలుపు వద్ద కాపలా ఉండాల్సిన బాధ్యత సిబ్బందిదే.

‘స్కానింగ్‌’ కోర్సుల మాయ

గర్భిణులకు అల్ట్రాసౌండ్‌ స్కాన్‌ చేయడానికి 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం అర్హత గల వైద్యులనే అనుమతిస్తోంది. పుట్టబోయేది ఆడో మగో చెప్పిన వారికి తొలి నేరానికే మూడేళ్ల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా విధించవచ్చు. ఇంటర్‌ చదివినవారికి స్కానింగ్‌ నేర్పి సొంత కేంద్రం పెట్టిస్తామనే మాటలు నమ్మితే విద్యార్థే చట్టానికి చిక్కుతాడు.

రుసుము చెల్లించే ముందు..

* కళాశాలకు, కోర్సుకు వేర్వేరుగా పారామెడికల్‌ బోర్డు లేదా ఆరోగ్య విశ్వవిద్యాలయ అనుమతి ఉందా? పత్రాన్ని కళ్లారా చూడాలి. బోర్డు కార్యాలయంలోనూ నిర్ధారించుకోవాలి.
* ప్రయోగ శిక్షణ ఏ ఆసుపత్రిలో? అక్కడ ఎక్స్‌-రేతో పాటు సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాలున్నాయా?
* శిక్షణలో విద్యార్థులకు బ్యాడ్జి, ఏప్రాన్‌ ఇస్తున్నారా?
* ధ్రువపత్రంతో బోర్డులో పేరు నమోదవుతుందా? నమోదు కాని పత్రం ప్రభుత్వ కొలువుకు పనికిరాదు.
* చెల్లించిన ప్రతి రూపాయికి రసీదు ఇస్తున్నారా? అసలు ధ్రువపత్రాలు తమ వద్దే అట్టిపెట్టుకుంటామంటే అంగీకరించరాదు.

అప్పటికే చదివి బయటికొచ్చిన విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని కలిసి, వారెక్కడ పనిచేస్తున్నారో వాకబు చేయడం అన్నింటికన్నా మేలు. చేపల వేట, వరి సాగు ఆదాయంతో పిల్లలను చదివిస్తున్న కుటుంబాలు ఒక్కరోజు బస్సు ఛార్జీలు పెట్టుకుని ఈ విచారణ చేసుకుంటే ఆ తర్వాత ఏళ్ల తరబడి చింతించాల్సిన అవసరం ఉండదు.