మురుగు బురద ఎరువు: పైరు ఎదిగినా నేలలో మిగిలే లోహాలు

నగరాల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాల్లో నీరు వెలుపలికి పోగా అడుగున బురద మిగులుతుంది. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం పుష్కలంగా ఉండటంతో ఇది పంటకు బలమిస్తుంది. రసాయన ఎరువుల ఖర్చునూ తగ్గిస్తుంది. అయితే కర్మాగారాల వ్యర్థ జలాలు కూడా అదే కాలువలో కలిసే చోట కాడ్మియం, సీసం, జింకు, రాగి, నికెల్ వంటి భార లోహాలు ఆ బురదలో పేరుకుంటాయి.

నేలలో చేరిన లోహమంతా మొక్కకు అందదు. అధిక భాగం బంకమట్టికి, ఇనుము ఆక్సైడ్లకు, సేంద్రియ పదార్థానికి అంటుకొని ఉంటుంది. మట్టిలోని తేమలో కరిగిన కొద్ది భాగాన్నే వేళ్లు పీల్చుకోగలవు. దీనినే శాస్త్రవేత్తలు లభ్యత అంటారు. దీనిని నిర్ణయించే అంశాల్లో ముఖ్యమైనది నేల ఉదజని సూచిక. ఆమ్లత్వం పెరిగేకొద్దీ కాడ్మియం, జింకు, నికెల్ సులభంగా కరుగుతాయి. సున్నం వేసి ఆమ్లత్వాన్ని తగ్గిస్తే వాటి లభ్యత కూడా తగ్గుతుంది.

బురద ఒకవైపు లోహాలను తెస్తుంది, మరోవైపు తనలోని సేంద్రియ పదార్థంతో వాటిని కొంతమేర పట్టి ఉంచుతుంది. కానీ సేంద్రియ పదార్థం కాలక్రమంలో కుళ్లి తరిగిపోతుంది, లోహం తరగదు. ఆ తరువాత బురదలోని ఖనిజాలు లోహాలను ఎంతవరకు పట్టి ఉంచగలవన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి.

ఇంగ్లాండ్‌లోని వోబర్న్‌లో జరిగిన ప్రయోగం ఈ సందర్భంలో గమనార్హం. రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం అక్కడి మడుల్లో 1942 నుంచి 1961 వరకు మురుగు బురద వేసింది. ఆపివేసిన రెండు దశాబ్దాల తరువాత పరీక్షించినప్పుడు లోహాల్లో అధిక భాగం పైమట్టిలోనే కనిపించింది. ఆ మట్టిలో పెంచిన క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్కల వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించలేకపోయింది. పెసర, కంది, వేరుశనగ వంటి పంటలకూ ఈ కోవకు చెందిన బ్యాక్టీరియాయే నత్రజనిని అందిస్తుంది.

జింకు, రాగి, నికెల్ మితిమీరితే సాధారణంగా ముందు పైరే దెబ్బతింటుంది. సీసం చాలావరకు వేళ్లలోనే ఆగిపోతుంది. కాడ్మియం తీరు వేరు. పైరు పచ్చగా ఉండగానే అది పాలకూర వంటి ఆకుకూరల్లోకి చేరుతుంది. తిన్నవారి మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది.

ఐరోపాలో 1986లో వెలువడిన ఆదేశం బురద వేసే నేలల్లో కాడ్మియంకు కిలోకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల పరిమితి విధించింది. మన దేశంలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో కాడ్మియం కిలోకు 5, సీసం 100 మిల్లీగ్రాములకు మించరాదు. అయితే ఎరువు ప్రమాణానికి లోబడి ఉన్నా, ఏటేటా వేసిన కొద్దీ నేలలో లోహాల మొత్తం పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల బురదతో పాటు నేలనూ పరీక్షించడం, ఆమ్ల నేలలకు సున్నం వేయడం, అటువంటి భూముల్లో ఆకుకూరలు సాగు చేయకపోవడం అవసరం. కర్మాగారాల వ్యర్థాలను మురుగు కాలువలో కలవనీయకపోవడం వీటన్నిటికంటే ముందు జరగవలసిన పని.