దూరదర్శినికి నిలకడనిచ్చే బద్ద

1610 జనవరిలో గురుగ్రహాన్ని పరిశీలిస్తున్న రోజులలోనే గెలీలియో తన లేఖ ఒకదానిలో ఒక సంగతి ప్రత్యేకించి పేర్కొన్నాడు. చేతి నాడి కొట్టుకోవడం వల్లనూ, ఊపిరి వల్లనూ కలిగే చలనం చాలు, దృశ్యం చెదిరిపోతుందనీ, కావున గొట్టాన్ని స్థిరమైన చోట నిలపాలనీ అందులోని సారాంశం. అప్పటి ఆయన సాధనం వస్తువులను సుమారు 20 రెట్లు పెద్దవిగా చూపేది. నేడు ఔత్సాహికుల వద్ద ఉండే 100 మిల్లీమీటర్ల కటకపు దూరదర్శిని అనుకూలమైన రాత్రులలో 200 రెట్ల వరకు చూపగలదు. చిత్రం పెరిగినంతగా వణుకు కూడా పెరుగుతుంది. గెలీలియోకు ఎదురైన ఇబ్బంది నేడు పదింతలయిందన్నమాట.

అయినా దూరదర్శిని కొనేవారు శ్రద్ధంతా కటకం మీదనే పెడతారు. గొట్టాన్ని పీఠంతో కలిపే లోహపు బద్దను చివరకు మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో కొంటారు. చూడడానికి అది జానెడో మూరెడో పొడవున్న అల్యూమినియం ముక్క. దాని అంచులు పావురపు తోకవలె ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బజారులో దానిని డవ్‌టెయిల్ బార్ అంటారు. గొట్టం చుట్టూ బిగించిన రెండు కడియాలు ఈ బద్దపై కూర్చుంటాయి. బద్ద పీఠంలోని గాడిలోకి జారి మరలతో బిగుసుకుంటుంది. అంటే దూరదర్శిని బరువంతా మోసేది ఈ ముక్కే.

ఇది ఎంత నిక్కచ్చిగా నిలవాలో ఒక లెక్క చెబుతుంది. మీటరు పొడవు గొట్టం ఒక కొన 5 మైక్రాన్లు కదిలితే దాని చూపు ఒక ఆర్క్ సెకను మేర తప్పుతుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కొన అంత మాత్రం కదిలినా, 100 రెట్లు పెంచి చూసే కంటికి నక్షత్రం పున్నమి చంద్రుని వెడల్పులో ముప్పాతిక వంతు దూరం పక్కకు జరిగినట్లు తోస్తుంది. ఇక గ్రహంపై సన్నని చారలు చూడడం ఎలా సాధ్యం?

బద్దను ఎన్నుకోవడంలో మొదట చూడవలసినది మందం. వెడల్పు రెట్టింపు చేస్తే వంపు సగానికి తగ్గుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇనుప దూలాన్ని నిలువుగా పెట్టడంలోని రహస్యం ఇదే. అల్యూమినియం బిగువు ఉక్కులో మూడో వంతే అయినా, బరువు కూడా దాదాపు మూడో వంతే. అందుచేత అదే బరువులో, అదే పొడవు వెడల్పులతో మూడింతలు మందమైన అల్యూమినియం బద్ద చేసుకోవచ్చు. అది ఉక్కు బద్దకంటే సుమారు తొమ్మిదింతలు గట్టిగా నిలుస్తుంది. బరువు తగ్గించే పేరిట లోపల బాగా తొలిచిన పలుచని బద్దలను మాత్రం పొడవైన గొట్టాలకు వాడరాదు.

రెండవది వెడల్పు. రెండు కొలతలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. జపాన్ సంస్థ విక్సెన్ పేరుతో చెలామణీ అయ్యే సన్నని బద్ద వెడల్పు సుమారు 44 మిల్లీమీటర్లు. అమెరికాకు చెందిన లాస్మండీ పేరుతో పిలిచే వెడల్పాటి బద్ద సుమారు 75 మిల్లీమీటర్లు. పొట్టిగా, తేలికగా ఉండే 80 మిల్లీమీటర్ల దూరదర్శినికి మొదటిది చాలును. మీటరు పొడవున్న 100, 120 మిల్లీమీటర్ల గొట్టాలకు, పీఠంలోని గాడి అనుమతిస్తే, రెండవదే మేలు. కటకపు దూరదర్శినికి బరువుకంటే పొడవే పెద్ద పరీక్ష. బరువు మారకుండా పొడవు రెట్టింపైతే, దానిని ఊగకుండా ఆపడం నాలుగింతలు కష్టమవుతుంది.

మూడవది పొడవు. కడియాల మధ్య ఎడం ఎక్కువైనకొద్దీ గొట్టం నిలకడ పెరుగుతుంది. అయితే గాడికి వెలుపల పొడుచుకువచ్చిన భాగం రెట్టింపైతే, చివరనున్న అదే బరువుకు వంపు ఎనిమిదింతలవుతుంది. కనుక కడియాలకు తగినంత ఎడం, సమతూకం కోసం ముందుకూ వెనుకకూ జరపడానికి నాలుగైదు అంగుళాల వెసులుబాటు ఉండాలి. అంతకుమించిన పొడవు లాభించదు. ముందు కటకం బరువైనది. వెనుక కంటి కటకమో కెమెరానో మార్చగానే తూకం మారిపోతుంది. ఆ సర్దుబాటుకు చోటు లేకపోతే పీఠంలోని పళ్లచక్రాలు అనవసరపు భారం మోయవలసి వస్తుంది.

కొన్ని చిన్న జాగ్రత్తలు పెద్ద నష్టాన్ని తప్పిస్తాయి. ప్రతి కడియాన్నీ రెండేసి మరలతో బిగించాలి. ఒక్క మర ఉంటే కడియం తిరిగిపోవచ్చు. 6 మిల్లీమీటర్ల మర, పావు అంగుళం మర చూపుకు ఒక్కలాగే ఉంటాయి, కాని ఒకదాని రంధ్రంలో మరొకటి బలవంతంగా తిప్పితే పుర్రులు చెడిపోతాయి. బద్ద రెండు కొనలలోనూ అడ్డుమరలు తప్పక ఉండాలి. చీకటిలో పీఠపు మర వదులైనప్పుడు గొట్టం జారి నేలపాలు కాకుండా ఆపేవి అవే.

కొత్త బద్ద కొనే ముందు ఒక పరీక్ష చేయడం మంచిది. నక్షత్రాన్ని 100 రెట్లలో చూస్తూ గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టాలి. రెండు మూడు సెకన్లలో వణుకు ఆగితే చింత లేదు. ఎక్కువసేపు ఊగితే, గొట్టాన్ని చేతితో అతి మెల్లగా కదిపి, కదలిక బద్దకూ గాడికీ మధ్యనో, పీఠంలోనో, ముక్కాలిలోనో గమనించాలి. బలహీనమైన ముక్కాలిని ఏ బద్దా బాగుచేయలేదు.

ఇంత పట్టింపు దేనికని అడగవచ్చు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు స్థాపించిన వేధశాల నుండి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ ఘట్టాన్ని పరిశీలించారు. అటువంటి పరిశీలనలో గ్రహం బింబపు అంచును తాకిన క్షణమే ముఖ్యం. 2012 జూన్ 6 ఉదయం అదే దృశ్యం మన దేశంలో మళ్లీ కనిపించింది. ఇక తిరిగి 2117 డిసెంబరులోనే. చంద్రుని అంచు వెనుక నక్షత్రం మాయమయ్యే క్షణమూ అంతే: కనురెప్ప పాటులో ముగుస్తుంది. ఆ క్షణంలో గొట్టం వణికితే ఎంత మంచి కటకమైనా చేయగలిగింది ఏమీ లేదు.