పూతరేకు నుంచి న్యాయపత్రిక దాకా

బోర్లించిన కుండ కింద మంట. జయ రకం బియ్యప్పిండి జావలో ముంచిన పల్చటి గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే చాలు, క్షణంలో రేకు లేస్తుంది. ఆత్రేయపురం ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా బతికిన ఈ విద్యకు కాగితంతో పని పడలేదు. చట్టం ముందు ఈ విద్య తనదని ఊరు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు పడింది.

2021 డిసెంబరులో సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం భౌగోళిక గుర్తింపు (జీఐ) కోసం చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టింది. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సాయపడింది. మా ఊరి రేకు గొప్పదంటే రిజిస్ట్రీ ఒప్పుకోదు. తయారీ పద్ధతి, పుట్టుకకు ఆధారాలు, ప్రాంతపు మ్యాపు, నాణ్యత తనిఖీ ఏర్పాట్లు అన్నీ రాసివ్వాలి. నిపుణుల బృందం పరిశీలించాక ఆ వివరాలను రిజిస్ట్రీ తన అధికారిక పత్రికలో అచ్చువేస్తుంది. అభ్యంతరాలకు మూడు నెలలు, కోరితే మరో నెల గడువుంటుంది. పూతరేకుల వివరాలు 2023 ఫిబ్రవరిలో అచ్చయ్యాయి. జూన్‌లో గుర్తింపు వచ్చింది.

న్యాయ పరిశోధన పత్రికకు వ్యాసం పంపడమూ ఇలాంటి పరీక్షే. హైదరాబాద్ నల్సార్, బెంగళూరు నేషనల్ లా స్కూల్ వంటి విశ్వవిద్యాలయాలు ఇలాంటి పత్రికలు నడుపుతున్నాయి. ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పత్రిక 1958 నుంచి వస్తోంది. వీటికి రాయాలంటే ముందు ఒక ప్రశ్న కావాలి. ‘భౌగోళిక గుర్తింపు చట్టం’ అన్నది ప్రశ్న కాదు, విషయం. ‘సంఘం పేరిట వచ్చిన గుర్తింపును ఇంట్లో రేకులు తీసే మహిళ వాడుకోవాలంటే ఏం చేయాలి?’ అన్నది ప్రశ్న. 1999 నాటి చట్టం ప్రకారం ఉత్పత్తిదారులు ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఆ మెట్టు ఎంతమంది ఎక్కగలుగుతున్నారో తేల్చే వ్యాసానికి విలువ ఉంటుంది.

ప్రశ్న తేలాక పత్రిక నియమాలు చదవాలి. పదాల పరిమితి, సారాంశం, పాదసూచికల పద్ధతి ఒక్కో పత్రికకు ఒక్కోలా ఉంటాయి. కొన్ని బ్లూబుక్ పద్ధతి అడుగుతాయి, కొన్ని ఆక్స్‌ఫర్డ్ వారి ఓస్కోలా అడుగుతాయి. చాలాచోట్ల రచయిత పేరు తీసేసిన ప్రతి పంపాలి. రాసిందెవరో సమీక్షకులకు, సమీక్షించిందెవరో రచయితకు తెలియదు. అమెరికాలో ఒకే వ్యాసాన్ని ఒకేసారి పలు న్యాయపత్రికలకు పంపడం మామూలే. మన దేశంలో చాలా పత్రికలు అందుకు ఒప్పుకోవు. జవాబుకు నెలలు పట్టొచ్చు. మార్పులు చేసి మళ్లీ పంపమంటే నిరాశపడనక్కర్లేదు, అది తలుపు తెరిచి ఉందనడానికి గుర్తు.

ఉదహరించే ప్రతి తీర్పునూ మూలంలో చదివి తీరాలి. పూతరేకులకు గుర్తింపు వచ్చిన 2023 జూన్‌లోనే న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఇద్దరు లాయర్లకూ వారి సంస్థకూ కలిపి 5 వేల డాలర్ల జరిమానా వేసింది. చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని తీర్పులను వాళ్లు కోర్టుకు సమర్పించారు.

డబ్బు కడితే రెండు రోజుల్లో అచ్చు వేస్తామనే పత్రికలకు దూరంగా ఉండాలి. అక్కడ సమీక్ష ఉండదు. మంచి వ్యాసం అక్కడ పడితే రచయిత శ్రమంతా వృథా అవుతుంది.

భౌగోళిక గుర్తింపు దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది. అంటే ఆత్రేయపురం 2031లో పునరుద్ధరించుకోవాలి. గుర్తింపు వల్ల రేకు తీసే చేతికి కూలి పెరిగిందా, నకిలీలపై కేసులు పడ్డాయా, నమోదుకు అడ్డేమిటి? కొత్తపేట, అమలాపురం ప్రాంతాల న్యాయ విద్యార్థులు ఇంటింటికీ తిరిగి ఈ వివరాలు సేకరించి వ్యాసాలుగా పంపితే, ఆ పునరుద్ధరణ నాటికి సంఘం దగ్గరా ప్రభుత్వం దగ్గరా నిపుణులు పరిశీలించిన ఆధారాలు ఉంటాయి.