పుకట్ల పాఠాలు మస్తున్నయి.. పిల్లగానికి చేరేదెట్ల?

మా పక్కింటి పిల్లగాడు ఏడో తరగతి. పుట్టినప్పటి నుంచే చూపు లేదు. రోజూ బడికి పోతడు, హాజరు పడ్తది. సార్ చెప్పింది చెప్పినట్టు మతికి పెట్టుకుంటడు. గని ఇంటికొచ్చినంక పాఠం ఇంకోసారి చూసుకుందమంటే చదివి వినిపించేటోళ్లు లేరు. అమ్మ కూలికి పోయి పొద్దుగూకినంక వస్తది. ఒకదినం నన్నడిగిండు, "అన్నా, నా పుస్తకం ఫోనే చదువుతదట గదా?" అని.

చదువుతది తమ్మీ, గదెంత పని అన్న. పుస్తకం పీడీఎఫ్ దింపిన. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల టాక్‌బ్యాక్ అని ఉంటది, తెర మీదున్నది పైకి చదువుతది, అది ఆన్ చేసిన. ఇగ చూడుండ్రి, తెలుగు పాఠం బదులు ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు చదువుడు మొదలుపెట్టింది. పోరడు పకపక నవ్విండు. నాకైతే నవ్వు రాలే.

తప్పు టాక్‌బ్యాక్‌ది గాదు, ఫైలుది. మన దగ్గర డీటీపీల చాన ఏండ్ల సంది వాడే పాత ఫాంట్లు కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉండేటియి ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులే. కంప్యూటర్‌కు, ఫోన్‌కు తెలుగు అని ఎర్కయ్యేది యూనికోడ్‌ల ఉంటేనే. ఇంకొన్ని పీడీఎఫ్‌లు ఉత్త ఫొటోలు, అండ్ల చదవనీకి అక్షరమే ఉండదు. ఏది ఏందో తెలుసుకునుడు అల్కటి పని. పీడీఎఫ్‌ల ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌ల పేస్ట్ చెయ్యుండ్రి. తెలుగు తెలుగులెక్కనే వస్తే పనికొస్తది. పిచ్చి గీతలొస్తే పాత ఫాంటు. అసలు కాపీయే కాకపోతే ఫొటో.

మరేం జెయ్యాలె? నేను పుస్తకం పేజీని గూగుల్ లెన్స్‌తోని ఫొటో కొట్టి, అక్షరాలు కాపీ చేసి, ఒక ఫైల్‌ల పెట్టిన. మడత పడ్డ పేజీలల్ల వత్తులు పోతయి, గుణింతాలు మారుతయి. కూసొని సరిదిద్దాలె. బొమ్మ ఉన్నకాడ అండ్ల ఏమున్నదో రెండు ముక్కల్ల రాయాలె, లేకుంటే వినేటోనికి అక్కడ గుంత పడ్డట్టే. లెక్కల పుస్తకం ఇట్ల కాదు, భిన్నాలు, సూత్రాలు అన్ని చెదిరిపోతయి. ఫోన్ సెట్టింగ్స్‌ల తెలుగు గొంతు ఒకసారి దింపుకుంటే, తర్వాత నెట్ లేకున్నా చదువుతది. ఒక ముచ్చట, వినుడొక్కటే అయితే పిల్లగానికి వర్ణక్రమం రాదు. బ్రెయిలీ ఇడిసిపెట్టొద్దు.

గిట్ల చేసుడు నేరమా అని ఒక దోస్తు అడిగిండు. కాదు. 2012ల కాపీరైట్ చట్టాన్ని సవరించిండ్రు. వికలాంగులు చదువుకునేటందుకు పుస్తకాన్ని వాళ్లకు పనికొచ్చే రూపంలకు మార్చుడు, వాళ్లకు ఇచ్చుడు, లాభానికి గాకుంటే, ఎవలైనా చెయ్యొచ్చు. ఇదే సంగతి మీద 2013ల మరాకేష్ ఒప్పందం అయ్యింది. 2014ల దానికి దునియాల అందరికంటే ముందు ఆమోదం తెలిపింది మన దేశమే. 2016ల సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ గూడ పెట్టిండ్రు. అచ్చు చదవలేనోళ్లు రుజువు చూపి సభ్యులు కావొచ్చు. ఇయన్నీ ఉన్నయి. ఊర్ల ఎంతమందికి ఎర్క?

చానమంది చేసే తప్పు ఒకటుంది. 'స్పెషల్ నీడ్స్' అని గూగుల్‌ల కొడ్తరు. అమెరికా సామాను, డాలర్ల రేట్లు దిగుతయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంల 21 రకాల వైకల్యాలున్నయి, అందరికి ఒకటే మందు ఎట్లుంటది? పిల్లకు ఏది కష్టమైతుందో అది ముందు చూడాలె, తర్వాత వెతకాలె.

చెవులు వినపడని పిల్ల ఉన్నదనుకోండ్రి. ఢిల్లీల ఐఎస్ఎల్ఆర్‌టీసీ అని సర్కారు సంస్థ ఉన్నది, 2015ల పెట్టిండ్రు. వాళ్ల భారతీయ సైగల భాష నిఘంటువుల 10 వేల పదాలకు వీడియోలున్నయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను సైగలల్లకు మార్చనీకి 2020ల ఒప్పందం అయ్యింది, ఆ వీడియోలు దీక్షల పెడుతుండ్రు. అయితే ఇంట్ల ఎన్నడూ సైగల భాష నేర్పని పిల్లకు ఆ వీడియో ముంగట పెడితే, అదీ కొత్త భాషే. అందుకే అమ్మో, అక్కనో పక్కన కూసొని దినాం ఐదు సైగలు తాము గూడ నేర్చుకోవాలె. చదువు వచ్చిన పిల్లయితే గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ ఉన్నది, ఎదుటి మనిషి తెలుగుల మాట్లాడుతుంటే అక్షరాలై తెర మీద పడ్తది.

చదువుడు నెమ్మదిగున్న పిల్లలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ మంచిది. 2015 నుంచి నడుస్తున్నది, తెలుగు కథలు మెట్లు మెట్లుగా ఉంటయి. దింపుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, మన యాసల తిరగరాసుకోవచ్చు, లైసెన్సే గట్లున్నది. సినిమా జూసి 'వీనికి డిస్లెక్సియా' అని మీరే పేరు పెట్టకుండ్రి, అది పరీక్ష చేసేటోళ్ల పని. బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లల కోసం సికింద్రాబాద్‌ల 1984 నుంచి జాతీయ సంస్థ ఉన్నది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటరు. ఇంట్ల ఎట్ల నేర్పాల్నో తల్లిదండ్రులకు, టీచర్లకు పుస్తకాలేసిండ్రు. మాట రాని పిల్లలకు చూపెట్టే బొమ్మలు స్పెయిన్ వాళ్ల అరసాక్‌ల వేలకొద్ది పుకట్ల దొరుకుతయి. నన్నడిగితే వాటికంటే వాళ్ల సొంత పళ్లెం, సొంత చెంబు, ఇంటి బర్రె ఫొటోలే నయం.

తరగతంతటికి పనికొచ్చేటియి మీకు చానవరకు ఎర్కే. 2017ల వచ్చిన దీక్ష, పుస్తకాల మీది క్యూఆర్ కోడ్‌లు, టీ-శాట్ పాఠాలు. సైన్స్ సార్లకు కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ ప్రయోగాలు చూపెట్టుండ్రి. కొన్ని తెలుగుల గూడ ఉన్నయి, ఒకసారి దింపుకుంటే నెట్ లేని బడిల గూడ నడుస్తయి.

పుకట్ల అంటే నిజంగ పుకట్లనేనా అని జర చూసుకోవాలె. ఏడు దినాలు ఉచితం అని కార్డు నంబర్ అడిగే యాప్, రెండు నిమిషాలకోసారి ప్రకటన ఏసే యాప్, పిల్లగాని సదరం సర్టిఫికెట్ ఫొటో పంపుమనే అడ్రస్ లేని వెబ్‌సైట్, ఇయి వద్దు. రెండు జీబీ డాటా మీద బతికే ఇంటికి వీడియో గూడ ఖర్చే. మీ వైఫైల దింపి మెమరీ కార్డ్‌ల ఎక్కియ్యుండ్రి.

ఇదంతా చెప్తున్ననని యాప్ ఉన్నది గదా, ఇగ సార్ ఎందుకు అనుకోవద్దు. 18 ఏండ్ల దాక ఆ పిల్లలకు పుస్తకాలు, పరికరాలు ఉచితంగ ఇయ్యాలని చట్టమే చెప్తున్నది. మండలంల భవిత కేంద్రం ఉంటది, పోయి అడుగుండ్రి. అసలైతే పాఠ్యపుస్తకం అచ్చుకు పోయిన దినమే యూనికోడ్ ఫైల్ గూడ బయట పెడితే నా అసొంటోడు రాత్రిళ్లు వత్తులు దిద్దే పనే ఉండకపోవు.

మొన్న సాంఘిక శాస్త్రం మూడో పాఠం ఫైల్ ఇచ్చిన. అర్ధగంటకు ఫోన్ చేసిండు. "అన్నా, రెండో పేరాల 'రాష్ట్రం'ల వత్తులు ఎగిరిపోయినయి, 'రాషం' అంటున్నది, దిద్ది పంపు" అన్నడు.