చిన్న మాటల సాక్ష్యం

పదమూడో శతాబ్దంలో ప్యారిస్‌లోని సెయింట్ జాక్ మఠంలో డొమినికన్ సన్యాసులు ఓ పెద్ద పని నెత్తికెత్తుకున్నారు. లాటిన్ బైబిలులోని మాటలను అక్షరక్రమంలో పేర్చి, ఏ మాట ఏ గ్రంథంలో ఏ అధ్యాయంలో వస్తుందో రాసిపెట్టడం ఆ పని. దాన్ని నడిపించినవాడు హ్యూ ఆఫ్ సెయింట్ షేర్. అప్పటికి బైబిలు వచనాలకు అంకెలు లేవు. ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు కొత్త నిబంధనకు 1551లో, రాబర్ట్ ఎస్టియెన్ అచ్చువేసిన ప్రతిలో వచ్చాయి. అందుకని సన్యాసులు ఒక్కో అధ్యాయాన్ని ఏడు ముక్కలుగా లెక్కగట్టి, వాటికి ఏ నుంచి జి దాకా అక్షరాలు పెట్టుకున్నారు. ప్రసంగం చెయ్యబోయే గురువు ‘నీరు’ అన్న మాట చూస్తే చాలు, బైబిలులో నీటి ప్రస్తావన ఉన్న చోట్లన్నీ ఒక్క పుటలో దొరికేవి. కంకార్డెన్స్ అనే సాధనం పుట్టుక అది. మన పండితులు దాన్నే పదప్రయోగ కోశం అంటారు.

ఆ మొదటి కోశంలో అవ్యయాలు లేవు. ‘కాని’, ‘నుంచి’, ‘ద్వారా’ లాంటి వాటిని ఎవరు వెతుకుతారని వదిలేశారు. రెండు వందల ఏళ్లు పోయాక, 1430లలో బాసెల్ నగరంలో పశ్చిమ క్రైస్తవ సంఘం మహాసభ జరిగింది. తూర్పు క్రైస్తవ సంఘంతో తగవు వచ్చింది. పరిశుద్ధాత్మ కుమారుడి ‘నుంచి’ కూడా బయలుదేరుతుందా, కుమారుడి ‘ద్వారా’ బయలుదేరుతుందా అన్నది ఆ తగవులో ఒక ముడి. ఆ రెండు చిన్న మాటల మీద రెండు మహాసంఘాలు వాదించుకుంటుంటే, వాటిని బైబిలులో ఎక్కడెక్కడ ఎలా వాడారో చూపే పట్టికే లేదు. రగూసాకు చెందిన జాన్ స్టోయ్‌కోవిచ్ అనే పండితుడు అవ్యయాలకు విడిగా కోశం రాయించడం మొదలుపెట్టాడు. అలా చిన్న మాటలకు తొలిసారి సూచిక దొరికింది. వాటి అసలు విలువ తెలియడానికి ఇంకో ఐదు వందల ఏళ్లు పట్టింది. ఆ ప్రయాణం బైబిలు పండితుల బల్లల మీదుగా సాగి, ఉరితీసిన ఓ కుర్రవాడి కేసు దాకా వెళ్లింది.

బైబిలును దైవవాక్కుగానే కాక, మనుషుల చేతుల మీదుగా వచ్చిన గ్రంథంగా కూడా చదవాలన్న ఆలోచనకు బలం ఇచ్చినవాడు ఒక వైద్యుడు. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీకి వైద్యం చేసిన ఝాన్ ఆస్ట్రూక్ 1753లో పేరు వేసుకోకుండా ఒక పుస్తకం తెచ్చాడు. ఆదికాండంలో దేవుణ్ని కొన్నిచోట్ల ఎలోహీమ్ అనీ, కొన్నిచోట్ల యెహోవా అనీ అంటారని, ఆ పేర్లను బట్టి గ్రంథాన్ని వేర్వేరు నిలువు వరసలుగా విడదీయవచ్చనీ చూపించాడు. తెలుగు బైబిలు ఇంట్లో ఉన్నవారు ఇప్పుడే తెరిచి చూడవచ్చు. మొదటి అధ్యాయమంతా ‘దేవుడు’. రెండో అధ్యాయం నాలుగో వచనం దగ్గర ‘దేవుడైన యెహోవా’ మొదలవుతుంది. జలప్రళయం కథలో ఒకచోట ప్రతి జాతి నుంచీ రెండేసి జీవులను ఓడలోకి ఎక్కించమన్న ఆజ్ఞ ఉంది. కొంచెం ముందుకు వెళ్తే, పవిత్రమైన జంతువులను ఏడేసి తీసుకోమని ఉంది. ఒకచోట నలభై రోజుల లెక్క, మరోచోట నూట యాభై రోజుల లెక్క. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మన్ పండితుడు యూలియస్ వెల్‌హౌజెన్ ఈ ఆధారాలన్నిటినీ కూడగట్టి, మోషే పంచకాండాలు నాలుగు వేర్వేరు మూలాల కలయిక అని 1878 నాటి గ్రంథంలో వాదించాడు. ఆ నాలుగు మూలాల సరిహద్దుల మీద ఈనాటికీ పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా ఒక గ్రంథం లోపల రెండు చేతులు పనిచేశాయా అని మాటల వాడుకను బట్టి అడగవచ్చన్న సంగతి మాత్రం నిలబడింది.

ఆస్ట్రూక్ పట్టుకున్నవి పెద్ద మాటలు, దేవుడి పేర్లు. పెద్ద మాటలతో చిక్కేమిటంటే, రచయిత వాటిని తెలిసి ఎంచుకుంటాడు. విషయం మారితే అవీ మారతాయి. అనుకరించేవాడు మొదట దొంగిలించేదీ వాటినే. ఇది గ్రహించి లెక్కల దారి పట్టినవాళ్లలో మొదటి వరసలో నిలిచేవాడు మన మదురైలో 1806లో పుట్టిన ఇంగ్లీషు గణితవేత్త అగస్టస్ డి మోర్గాన్. కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక అపొస్తలుడు పౌలుదేనా కాదా తేల్చాలంటే, మాటల సగటు పొడవు లెక్కవేసి పౌలు మిగతా పత్రికలతో పోల్చి చూడమని 1851లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అది ఉత్తరంలోనే ఉండిపోయింది. చేత్తో లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది?

ఓపిక ఉన్నవాడు ఇటలీలో దొరికాడు. జెస్యూట్ గురువు రాబర్టో బూసా 1946లో థామస్ అక్వినాస్ మీద పరిశోధన చేస్తూ, ‘సన్నిధి’ గురించి ఆ తత్వవేత్త ఆలోచనంతా ‘లో’ అని అర్థమిచ్చే ‘ఇన్’ అనే చిన్న లాటిన్ మాట చుట్టూ తిరుగుతోందని గమనించాడు. ఆ మాటున్న వాక్యాలను పదివేల చీటీల మీద చేత్తో రాసుకున్నాడు. ఆ తర్వాత అక్వినాస్ రచనలన్నిటికీ కోశం వెయ్యాలనిపించి, 1949లో అమెరికా వెళ్లి ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశాడు. పంచ్ కార్డు యంత్రాల సాయం సంపాదించాడు. గల్లరాటే పట్టణంలో యువతులు ఏళ్ల తరబడి కూర్చుని కార్డులకు చిల్లులు పొడిచారు. సుమారు కోటీ పది లక్షల మాటల సూచిక 1970లలో అచ్చు మొదలై, 56 సంపుటాలుగా వెలువడింది. ఇవాళ మనం ఫోనులో ఒక మాట కొట్టి వెతకడం వెనక ఈ గురువు శ్రమ, పేర్లు చరిత్రకెక్కని ఆ యువతుల శ్రమ కూడా ఉన్నాయి. దాన్ని తలుచుకోకుండా ముందుకు వెళ్లడం నాకు న్యాయం అనిపించదు.

యంత్రం వచ్చాక లెక్కలు జోరందుకున్నాయి. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787–88లో వచ్చిన 85 ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది పాత తగవు. మోస్టెలర్, వాలెస్ అనే గణాంకవేత్తలు ‘అపాన్’ వంటి చిన్న మాటలను లెక్కపెట్టారు. హామిల్టన్ వెయ్యి మాటలకు సుమారు మూడుసార్లు వాడే ఆ మాట మాడిసన్‌లో చాలా అరుదు. 1964లో అచ్చయిన వారి గ్రంథం ఆ 12 వ్యాసాలూ మాడిసన్ రాసినవేనని తేల్చింది. గోడలో ఇటుకల మధ్య సున్నంలా, ఇలాంటి మాటలు వాక్యాన్ని నిలబెడతాయే గాని చూపును ఆకర్షించవు. అందుకే రాసేవాడూ వాటిని కాపు కాయడు.

అదే కాలంలో స్కాట్లాండులో ఆండ్రూ మోర్టన్ అనే పాదిరీ పౌలు పత్రికల మీద కంప్యూటరు పెట్టాడు. వాక్యాల పొడవు, గ్రీకులో ‘మరియు’ అని అర్థమిచ్చే ‘కై’ ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క చూసి, రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు రాసిన నాలుగూ, చిన్నదైన ఫిలేమోను పత్రికా మాత్రమే పౌలువని 1963లో ప్రకటించాడు. వార్తాపత్రికలు మొదటి పుటల్లో వేసుకున్నాయి. కొద్దికాలానికి అమెరికన్ పాదిరీ జాన్ ఎలిసన్ ఆ పద్ధతినే జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’ నవలకు పెట్టి చూశాడు. లెక్క ప్రకారం ఆ నవలను ఐదుగురు రాసి ఉండాలి! మోర్టన్ సొంత వ్యాసాలకు పెడితే, అవీ ఒక్కడి రాతగా తేలలేదు. ఈ ఎలిసన్ ఎవరో కాదు, 1957లో యూనివాక్ కంప్యూటరుతో ఇంగ్లీషు బైబిలుకు కంకార్డెన్స్ తయారుచేసినవాడే. సూచిక వేసినవాడికి సూచిక ఎంతవరకు చెప్పగలదో తెలుసు.

ఈ లెక్కలు నేరన్యాయంలోకి రావడానికి ఒక ఘోరం కారణమైంది. లండన్‌లో తిమొతీ ఎవాన్స్ అనే, చదువు దాదాపు రాని మనిషిని బిడ్డను చంపాడన్న నేరం మీద 1950 మార్చిలో ఉరితీశారు. అదే ఇంట్లో ఉండే జాన్ క్రిస్టీ వరుస హత్యలు చేసినవాడని మూడేళ్ల తర్వాత బయటపడింది. 1966లో ఎవాన్స్‌కు మరణానంతర క్షమాభిక్ష వచ్చింది. స్వీడన్ భాషావేత్త యాన్ స్వార్ట్‌విక్ ఎవాన్స్ పోలీసులకు ఇచ్చాడన్న వాంగ్మూలాలను ఉపవాక్యాల కూర్పును బట్టి పరిశీలించి, వాటిలో రెండు శైలులున్నాయని 1968 నాటి పుస్తకంలో చూపించాడు. నేరం ఒప్పుకున్న భాగాలు ఒక శైలిలో, మిగతావి మరో శైలిలో ఉన్నాయి. నేర విచారణకు భాషాశాస్త్రాన్ని వాడే విద్యకు ఫోరెన్సిక్ లింగ్విస్టిక్స్ అన్న పేరు ఆ పుస్తకంతోనే వచ్చింది. ఆదికాండంలో ఆస్ట్రూక్ అడిగిన ప్రశ్నే ఇక్కడ పోలీసు స్టేషన్లో రాసిన కాగితాన్ని అడిగారు.

ఇంకో కేసు దగ్గర కాస్త ఆగాలి. 1952 నవంబరు 2 రాత్రి లండన్ దగ్గరి క్రాయ్‌డన్‌లో ఒక గోదాము కప్పు మీద దొంగతనానికి ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లలో పదహారేళ్ల క్రిస్టఫర్ క్రెయిగ్ సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబుల్‌ను కాల్చి చంపాడు. రెండోవాడు, పంతొమ్మిదేళ్ల డెరెక్ బెంట్లీ, అప్పటికే పోలీసుల చేతిలో ఉన్నాడు. వయసు చాలని క్రెయిగ్‌ను ఉరితీయడానికి వీల్లేదు. బెంట్లీని 1953 జనవరి 28న ఉరితీశారు. అతనికి రాయడం, చదవడం రాదు. కోర్టులో నిలిచిన ఆధారాల్లో ఒకటి 582 మాటల వాంగ్మూలం. ప్రశ్నలేమీ వెయ్యలేదనీ, అతను చెప్పుకుంటూ పోతే తాము మాటకు మాట రాసుకున్నామనీ పోలీసులు ప్రమాణం చేశారు. బెంట్లీ కాదన్నాడు.

నలభై ఏళ్ల తర్వాత మాల్కం కూల్తార్డ్ అనే బర్మింగ్‌హామ్ భాషావేత్త ఆ కాగితం తీసుకుని ‘దెన్’ అనే మాటను పట్టుకున్నాడు. మనం ‘అప్పుడు’ అంటామే, అది. 582 మాటల్లో పదిసార్లు వచ్చింది, అంటే 58 మాటలకొకటి. మామూలు సాక్షుల వాంగ్మూలాల్లో సగటున 930 మాటలకొకటి. పోలీసులు రాసినవాటిలో 78 మాటలకొకటి. అంతకన్నా పట్టిచ్చింది దాని స్థానం. మామూలు ఇంగ్లీషు మాటల్లో ‘దెన్ ఐ’ అంటారు, ‘ఐ దెన్’ అనడం అరుదు. బర్మింగ్‌హామ్‌లో పోగుచేసిన మాట్లాడే భాష భాండాగారంలో ‘ఐ దెన్’ 1,65,000 మాటలకు ఒక్కసారి కనిపిస్తుంది. బెంట్లీ కాగితంలో దాదాపు 190 మాటలకొకసారి ఉంది. పోలీసుల రాతలో 119 మాటలకొకసారి. ఏ పని ముందు, ఏది వెనక అని కోర్టులో నిలబడి చెప్పాల్సినవాడికి అలా రాయడం వృత్తిలో అలవడుతుంది. చదువురాని కుర్రవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా, తుపాకీ వాడతాడని తనకు తెలియదన్న అర్థమొచ్చే వాక్యం ఒకటి ఉంది. అలాంటి ‘లేదు, తెలియదు’ మాటలు ఎవరో అడిగితేనే వస్తాయి, ఊరికే కథ చెప్పేవాడి నోట రావు. ప్రశ్నలు వెయ్యలేదన్న ప్రమాణం అక్కడే బీటలు వారింది.

1998 జులై 30న అప్పీలు కోర్టు బెంట్లీని దోషిగా తేల్చిన నిర్ణయాన్ని కొట్టివేసింది. నిజం చెప్పాలంటే తీర్పుకు ప్రధాన కారణం కూల్తార్డ్ లెక్క కాదు. మొదటి విచారణలో న్యాయమూర్తి జ్యూరీకి చేసిన నిర్దేశం పక్షపాతంగా ఉండడమే. అయినా ఆ లెక్క చూపించినదాన్ని ఎవరూ చెరపలేరు.

మోర్టన్ పాదిరీ కూడా ఇక్కడ మళ్లీ కనిపిస్తాడు. వాక్యవాక్యానికీ రెండు మూడక్షరాల మాటలనూ, అచ్చుతో మొదలయ్యే మాటలనూ లెక్కపెట్టి గ్రాఫు గీసే ‘క్యూసమ్’ పద్ధతిని 1990ల మొదట్లో బ్రిటన్ కోర్టుల్లో ప్రవేశపెట్టాడు. 1991లో ఒక అప్పీలులో దాన్ని సాక్ష్యంగా అంగీకరించారు కూడా. 1993లో టెలివిజన్‌లో ప్రత్యక్షంగా పరీక్ష పెడితే, ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి రాతకూ, శిక్షపడిన ఒక నేరస్థుడి రాతకూ అది తేడా చెప్పలేకపోయింది. కూల్తార్డ్ దగ్గర ఉండి మోర్టన్ దగ్గర లేనిది ఒకటే, పోల్చి చూడడానికి తగిన భాండాగారం. మామూలు జనం ఎలా మాట్లాడతారు, పోలీసులు ఎలా రాస్తారు అన్న రెండు కుప్పలు ఎదురుగా లేకపోతే పదిసార్లు అన్న అంకెకు అర్థం లేదు.

మన దగ్గర ఆ కుప్పలు ఎక్కడున్నాయి? నన్నయ మాటలకు మన పండితులు పదప్రయోగ కోశం తయారుచేసి పెట్టారు. అరణ్యపర్వంలో నన్నయ ఆపిన చోటి నుంచి ఎఱ్ఱన పూరించిన భాగాన్ని మాటమాటా పోల్చడానికి అదొక ఆధారం. న్యాయస్థానాల తెలుగుకు మాత్రం ఇలాంటిదేదీ నాకు కనిపించలేదు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం మన చట్టంలో రుజువు కాదు. సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు. అంత జాగ్రత్త పడిన చట్టంలోనే మరణ వాంగ్మూలం ఒక్కదాని మీద శిక్ష వెయ్యవచ్చు. 1957 నాటి ఖుషాల్ రావు కేసులో సుప్రీంకోర్టు, మేజిస్ట్రేటు ప్రశ్నజవాబుల రూపంలో, సాధ్యమైనంతవరకు చెప్పినవారి మాటల్లోనే రాసుకున్నదానికి ఎక్కువ విలువ ఉంటుందని చెప్పింది.

కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న పాలమూరు జిల్లా మహిళ ‘మా ఆయన వచ్చిండు’ అంటుంది. అదే అనంతపురంలో ‘వచ్చినాడు’, గుంటూరులో ‘వచ్చాడు’. కాగితం మీద ‘సదరు భర్త వచ్చి’ అని ఉంటే, ఆ ‘సదరు’ ఆమె నోటిది కాదని ఏ తెలుగువాడైనా చెప్పగలడు. కష్టమంతా అంత తేలిగ్గా దొరకని చోట ఉంది. ఇంగ్లీషులో విడిగా నిలబడే చిన్న మాటలు తెలుగులో ‘కి’, ‘తో’, ‘నుంచి’, ‘అంట’, ‘కదా’ అంటూ పక్క మాటలకు అతుక్కుని, సంధిలో కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయకుండా లెక్కపెట్టలేం. విడదీసే పనికి మాండలికాలు తెలిసిన భాషావేత్తలూ, ప్రోగ్రాములు రాసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. వాంగ్మూలాలను ఆడియో, వీడియోలో రికార్డు చెయ్యడానికి చట్టం ఇప్పటికే వీలిస్తోంది. పేర్లు తీసేసిన అలాంటి రికార్డులను ఒక వరసలో, వాటి గురించి స్టేషన్లో రాసుకున్న కాగితాలను పక్క వరసలో పెట్టి, జిల్లాకు కొన్ని వందల చొప్పున పోగుచెయ్యగలిగితే, నోట్లోంచి వచ్చిన తెలుగు ఎంత, కలంలోంచి వచ్చిన తెలుగు ఎంత అన్నది కోర్టు ముందు అంకెల్లో పెట్టవచ్చు.