యంత్రం చూస్తోంది, మరి మనం?



రోగి మంచం పక్కన మానిటర్ పెట్టగానే ఇంటివారి చూపంతా అంకెల మీదికి పోతుంది. "ఆక్సిజన్ 98 ఉంది, ఫరవాలేదు" అనుకుంటారు. అంకె ముఖ్యమే. కానీ ఒక్కదాన్నే చూస్తూ మిగిలినది మరచిపోతే ఏమవుతుందో ఒక విమాన ప్రమాదం నేర్పింది.

1972 డిసెంబరు 29 రాత్రి, అమెరికాలోని మయామిలో దిగవలసిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముందు చక్రం సరిగా దిగిందని తెలిపే చిన్న దీపం వెలగలేదు. పైలట్లు విమానాన్ని 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌కు అప్పగించి, అందరూ ఆ దీపం పనిలో పడ్డారు. ఇంతలో ఎత్తును నిలిపే ఏర్పాటు వారికి తెలియకుండానే తప్పిపోయింది. విమానం మెల్లగా కిందికి జారింది. హెచ్చరిక మోగినా ఎవరూ గమనించలేదు. విమానం చిత్తడి నేలలో కూలింది. అందులోని 176 మందిలో 101 మంది మరణించారు. తీరా చూస్తే చక్రం సరిగానే దిగింది, దీపంలోని బల్బులే కాలిపోయాయి!

యంత్రాలతో పనిచేసేవారికి ఉండవలసిన ఈ ఎరుకను మికా ఎండ్స్‌లీ అనే శాస్త్రవేత్త 1995లో మూడు మెట్లుగా వివరించారు. రోగి దగ్గర కూర్చునే మనకూ అవి పనికివస్తాయి.

1. గమనించడం: మానిటర్‌తోపాటు రోగి ముఖం, పెదవుల రంగు, ఊపిరి, మాట తీరు చూడండి.

2. అర్థం చేసుకోవడం: వేలికి పెట్టే క్లిప్పు రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత వంతు ఆక్సిజన్ మోస్తున్నదో చెబుతుంది. అసలు రక్తం ఎంత ఉందో చెప్పదు. అందుకే రక్తహీనత ఉన్నవారికి 98 చూపినా ఆయాసం ఉండవచ్చు. వేళ్లు చల్లబడినా, చెయ్యి వణికినా, గోళ్లరంగు ఉన్నా అంకె తప్పు రావచ్చు.

3. ముందు చూడడం: పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఉదయం 18 ఉన్నది సాయంత్రానికి 28 అయితే, ఆక్సిజన్ అంకె మారకపోయినా రోగి అలసిపోతున్నాడని గ్రహించాలి. అంకె పడిపోయేదాకా ఆగకూడదు.

మరొక సంగతి. వార్డులో అలారాలు తరచు మోగుతుంటాయి. చాలాసార్లు తీగ కదిలినందుకే మోగుతాయి. వినగా వినగా చెవులు అలవాటుపడతాయి. అసలు ప్రమాదం అప్పుడే ఉంది.

రోగి వెంట ఉండేవారు ఇవి పాటించండి:

* అలారం మోగితే ముందు రోగిని చూడండి, వెంటనే సిస్టర్‌ను పిలవండి. మీరు ఆపవద్దు.
* ఆక్సిజన్, సెలైన్ వేగం మీరు మార్చవద్దు.
* సిస్టర్ మందు కొలుస్తున్నప్పుడు మాట్లాడించవద్దు.
* మనుషులు మారేటప్పుడు, రోగిలో వచ్చిన మార్పులు తరువాతివారికి చెప్పండి.
* "మనిషి ఎందుకో తేడాగా ఉన్నాడు" అనిపిస్తే సంకోచించకుండా చెప్పండి. రోజూ ఆయనను చూసేది మీరే.

మెలకువగా ఉండమని ప్రభువు శిష్యులకు నేర్పాడు. రోగి పడక దగ్గర ఆ మెలకువ కూడా ఒక సేవే. యంత్రం అంకె చూపుతుంది, మనిషిని చూడవలసింది మనమే.