ఇంట్లో చదివించడం వేరు, ఇంట్లో ఉంచడం వేరు

“పిల్లను బడి మాన్పించాం, ఇంట్లోనే చదివిస్తున్నాం.” బోధన్ పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏటా జూన్ నెలలో ఈ మాట మా చెవిన పడుతూనే ఉంటుంది. బడులు తెరిచేసరికి ఏడో, ఎనిమిదో తరగతి పూర్తిచేసిన కొందరు ఆడపిల్లల పేర్లు హాజరు పట్టీలోంచి మాయమవుతాయి. కారణం అడిగితే తల్లిదండ్రులు చెప్పే జవాబు ఇది. మగపిల్లల సంగతి అడిగితే, “హిఫ్జ్‌లో వేశాం, అది పూర్తయ్యాక చూద్దాం” అంటారు.

ఈ జవాబులను మేము తేలిగ్గా తీసిపారేయడం లేదు. ఇంటి చదువు మన సమాజానికి కొత్తదీ కాదు, చులకన చేయదగిందీ కాదు. దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (ర) గారికి రాత నేర్పిన ఉపాధ్యాయురాలు షిఫా బిన్తె అబ్దుల్లా (ర). ఆ చదువు సాగింది ఇంట్లోనే. హజ్రత్ ఆయిషా (ర) గారి ఇంటి ముంగిటికి సహాబాలు, వారి తరువాతి తరం వారు ధర్మ విషయాలు అడిగి తెలుసుకోవడానికి వచ్చేవారు. అంటే ఆ ఇల్లే ఒక విద్యాలయం.

మన దేశం సంగతే తీసుకుందాం. స్వతంత్ర భారత తొలి విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఏనాడూ బడికి వెళ్ళి చదువుకున్నవారు కాదు. 1888లో మక్కాలో పుట్టారు, కలకత్తాలో పెరిగారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ మొదట తానే చెప్పి, ఆ తరువాత ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క ఉస్తాద్‌ను ఇంటికి పిలిపించి చదివించారు. అయితే ఆ చదువులో లేనిదేమిటో ఆజాద్ గారికి చిన్న వయసులోనే తెలిసివచ్చింది. సర్ సయ్యద్ రచనలు చదివాక ఆధునిక శాస్త్రాలు తెలియనివాడి చదువు సగమే అనుకొని, సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆయన మంత్రిగా ఉండగానే 1951లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. మొదలైంది, 1953లో యు.జి.సి. ఏర్పడింది.

బెంగాల్‌లో బేగం రుఖయ్యా కథ కూడా ఇటువంటిదే. అన్నగారు రాత్రిళ్ళు ఇంట్లో అందరూ పడుకున్నాక దీపం దగ్గర కూర్చోబెట్టి బెంగాలీ, ఇంగ్లీషు నేర్పారు. అలా చదువుకున్న ఆమె 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి పెట్టారు. మన హైదరాబాద్‌లో సుగ్రా హుమాయూన్ మీర్జా కూడా ఇంట్లో చదువుకున్నవారే. 1934లో ఆమె ఆడపిల్లల కోసం మదర్సా సఫ్దరియా స్థాపించారు. ఇంటి చదువు రుచి ఎరిగిన ఈ మహిళలు తమ తరువాతి పిల్లలకు ఇల్లొక్కటే చాలునని అనుకోలేదు. పాఠకులు ఈ సంగతి గమనించాలి.

ఆ ఇళ్ళలో చెప్పేవారు ఉన్నారు, పుస్తకాలు ఉన్నాయి, చెప్పడానికీ వినడానికీ తీరిక ఉంది. మరి నేడు మన ఇళ్ళలో?

శక్కర్‌నగర్‌లో 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లాకౌట్ అయింది. దాన్ని నమ్ముకొని బతికిన కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఎన్నో ఇళ్ళలో తండ్రి గల్ఫ్‌లో ఉంటే తల్లి బీడీలు చుట్టి పూట గడుపుతుంది. మాకు తెలిసిన అటువంటి ఒక ఇంట్లో పెద్దపిల్లను ఎనిమిదో తరగతితో ఆపేశారు. “ఇంట్లో చదువుతోంది” అన్నారు. పుస్తకాల సంచి నిజంగానే గోడకు తగిలించి ఉంది. ఆ పిల్ల పొద్దున్నే ఖుర్‌ఆన్ చదువుతుంది, అది మెచ్చుకోదగినదే. తరువాత తునికాకు తడిపి కత్తిరించడం, మధ్యాహ్నం వరకు చాట ముందు కూర్చోవడం, తమ్ముళ్ళకు అన్నం పెట్టడం, మళ్ళీ చాట ముందుకే. సాయంత్రం బీడీల కట్టలు కార్ఖానాకు అప్పగించి వచ్చేసరికి మగ్రిబ్ అవుతుంది. ఇక పుస్తకం ఎప్పుడు తెరవాలి? తెరిచినా అర్థం కాని లెక్క ఎవరిని అడగాలి? తల్లికి సంతకం చేయడమే వచ్చు. ఆ తల్లి అబద్ధమాడుతోందని మేము అనడం లేదు. పిల్ల కళ్ళ ముందు ఉంటే భద్రంగా ఉందన్న ఊరటకే ఆమె చదువు అనే పేరు పెట్టుకుంది. పేద తల్లి భయం ఉత్తుత్తి భయం కాదు. హైస్కూలు దూరమైతే, దారి బాగోలేకపోతే, బడిలో మరుగుదొడ్డికి తలుపు లేకపోతే ఆ భయానికి కారణం ఉన్నట్టే. కాని ఆ పిల్ల చేతిలో రేపు ఏముంటుందని కూడా అడగాలి గదా!

ఇదే బోధన్‌లో నిజంగా ఇంట్లో చదివించిన కుటుంబాన్నీ మేము ఎరుగుదుము. తల్లి ఇంటర్ దాకా చదివింది. తండ్రికి చిన్న దుకాణం. ఫజ్ర్ నుండి జుహర్ వరకు ఆ ఇంట్లో పాఠాలు తప్ప మరో పని ఉండదు, చుట్టాలు వచ్చినా సరే. తెలుగు చెప్పడానికి వీధిలోని ఒక రిటైర్డ్ పంతులుగారిని బతిమాలుకున్నారు. “తరగతిలో నలభై మందిలో నా పిల్ల ఒకతి. నా ముందు ముగ్గురే ఉన్నారు. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో మొహం చూస్తే తెలిసిపోతుంది” అన్నదామె. మాట వాస్తవం. ముప్ఫై ఏళ్ళుగా తరగతి గదిలో నిలబడుతున్న మాకే ఆ సౌకర్యం లేదు.

ఆ ఇంటి పెద్దమ్మాయి ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఇంటర్ పూర్తిచేసి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇంటి చదువు ఎలా ఉండిందని అడిగితే దాచకుండా చెప్పింది. పుస్తకం చదవడం తనకు అమ్మీ వల్లే అలవాటైందట. ఖుర్‌ఆన్‌ను అర్థంతో చదివిందట. “కాని మాస్టర్ సాబ్, పదహారో ఏట మొదటిసారి పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు చేతులు వణికాయి. మూడు గంటల్లో ముగించాలన్న లెక్క మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ప్రయోగశాలలో పరీక్షనాళిక ముట్టుకోలేదు. ఒక్క దోస్త్ కూడా లేదు.” తన పిల్లలనైతే ఐదో తరగతి దాకా ఇంట్లో చెప్పి, ఆ తరువాత బడికి పంపుతానంది. ఈ విషయంలో తల్లికి, కూతురికి నేటికీ ఏకాభిప్రాయం లేదు.

మరో అబ్బాయి కథ వేరు. పదేళ్ళకు బడి మాని, మూడేళ్ళలో ముప్ఫై పారాలూ కంఠస్థం చేశాడు. అల్లాహ్ అనుగ్రహం. తిరిగి వచ్చేసరికి భిన్నాలు, దశాంశాలు మరిచిపోయాడు. తోటివాళ్ళు ఎనిమిదిలో ఉంటే వాడిని ఐదిలో కూర్చోమన్నారు, సిగ్గుపడి వెళ్ళలేదు. ఆఖరికి ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టాడు. లెక్కల్లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. నేడు మందుల దుకాణంలో పనిచేస్తూ, రమజాన్‌లో తరావీహ్ చదివిస్తాడు. అతని ఫిర్యాదు తెలుగు గురించే. కొట్టుకు వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగువారు. మాట్లాడగలడుగాని చీటీ రాయాలంటే తడబడతాడు. ఉర్దూ ఇంట్లో నేర్పవచ్చు, దీన్ ఇంట్లో నేర్పవచ్చు. పక్కవాడి భాష మాత్రం పక్కవాడితో బల్ల మీద కూర్చుంటేనే వస్తుంది.

వాడిని ఐదిలో కూర్చోమనడం చట్టం ప్రకారం తప్పు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, నాలుగో సెక్షను ప్రకారం, బడిలో చేరనివారినీ, చదువు మధ్యలో ఆపినవారినీ వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనుకబాటు తీర్చడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు ధ్రువపత్రం లేదని కూడా వెనక్కి పంపరాదు. ఈ హక్కు ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు. మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇక బడుల సంగతి. అక్కడ అంతా బాగుందని చెబితే మా విద్యార్థులే నవ్వుతారు. ఉర్దూ మాధ్యమ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటాయి. రిజర్వు చేసిన పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకరు, అవి అలాగే మిగిలిపోతాయి. ఒక్క ఉపాధ్యాయుడే మూడు తరగతులను కూర్చోబెట్టుకొని చెప్పే చోట తల్లి ఇంట్లో చెప్పే పాఠమే మేలు కావచ్చు. అయినా మధ్యాహ్నం అన్నం, ఉచిత పాఠ్యపుస్తకాలు, తెలుగు, ఆటస్థలం, అన్ని మతాల పిల్లల స్నేహం ఇంట్లో దొరికేవి కావు. 2016 నుండి మొదలైన మైనారిటీ గురుకులాల్లో ఆడపిల్లలకు వేరుగా బడులు, వసతి ఉన్నాయి. దూరం, దారి అని భయపడే తల్లి ముందుగా ఆలోచించవలసింది వీటి గురించే.

2020లో కరోనా వచ్చి అందరి ఇళ్ళనూ బడులు చేసింది. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానెళ్ళలో పాఠాలు వచ్చాయి. టీవీ ఉండి, పక్కన కూర్చొని “ఏం అర్థమైంది?” అని అడిగే పెద్దవారున్న ఇళ్ళలో పిల్లలు నిలదొక్కుకున్నారు. మిగతాచోట్ల టీవీ పాఠం చెబుతూనే ఉంది, పిల్లలు చాట ముందు కూర్చున్నారు.

ఇప్పటికే బడి మానిన పిల్లలు ఇంట్లో ఉంటే వారికి దారి మూసుకుపోలేదు. కేంద్రం 1989లో స్థాపించిన జాతీయ సార్వత్రిక పాఠశాల ఉంది, మన రాష్ట్రానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి కట్టవచ్చు. ఉర్దూలో గాని తెలుగులో గాని రాయవచ్చు. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఉత్తీర్ణులైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కరలేదు. అంటే బీడీలు చుట్టే పిల్ల కూడా ఒక్కో విడతకు రెండేసి సబ్జెక్టులు చదువుకోవచ్చు. అయితే రోజుకు రెండు గంటలు చాట పక్కన పెట్టాలి, నేర్పేవారిని వెతకాలి. వాడలో చదువుకున్న ఆపా ఒకరు, పక్కింటి కాలేజీ అమ్మాయి ఒకరు దొరకకపోరు.

దరఖాస్తు పెట్టేముందు పేరు సరిచూసుకోండి. ఆధార్‌లో ‘మొహమ్మద్’, టి.సి.లో ‘ఎం.డి.’, జనన ధ్రువపత్రంలో మరొకటి ఉండడం మన ఇళ్ళలో మామూలే. ఆడపిల్లలకైతే ఒకచోట ‘బేగం’, మరోచోట ‘సుల్తానా’. మెమోలో తప్పు పడితే దిద్దించుకోవడానికి ఎంత తిరగాలో తిరిగినవారికి తెలుసు. టి.సి. ఇంకా బడిలోనే ఉంటే ఈ వారమే వెళ్ళి తెచ్చుకోండి.